తగిలించిన చెయ్యే తియ్యాలి

నడివేసవిలో స్వెటరు చంకన పెట్టుకుని పనికి వెళ్ళేదాన్ని మా వీధిలో నేనొక్కదాన్నే. "ఏమ్మా, మంచుకొండల మీదికేనా ప్రయాణం?" అని మూలింటి పిన్ని రోజూ అదే జోకు వేసేది. తన జోకులకు తనే ముందు నవ్వేసుకుంటుంది కాబట్టి మనం శ్రమపడాల్సిన పని లేదు. నేను వెళ్ళేది మంచుకొండలకు కాదు, మా వీధి చివరి మేడలోకి. కిటికీలు లేని ఆ మేడలో మనుషులు తక్కువ, కంప్యూటర్లు ఎక్కువ. జనం ఫోన్లలో తీసుకునే ఫొటోలూ, చూసుకునే వీడియోలూ అన్నీ అక్కడే భద్రంగా ఉంటాయట. ఆ కంప్యూటర్లకు వేడి తగలకూడదు కాబట్టి ఏడాది పొడవునా లోపల చలి. నేల తుడవడం, దుమ్ము పీల్చే మిషను తోయడం నా పని. మా వీధివాళ్ళు దానికి చలిమేడ అని పేరు పెట్టారు.

లోపలినుంచి తోడేసిన వేడి ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. వెనకగోడకు వరసగా బిగించిన పెద్ద ఫ్యాన్లు దాన్ని రాత్రీ పగలూ బయటికి ఊదుతూనే ఉంటాయి. ఆ వెనకగోడ మా వీధివైపు ఉంది. మేడ కట్టినప్పుడు తీగలకు అడ్డమని వీధిలో చెట్లన్నీ కొట్టేశారు. పని దొరుకుతుందని సంబరపడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను, కాదనను. ఉద్యోగం వచ్చింది, జీతం సమయానికి వచ్చింది. దాంతోపాటు వీధికి వడగాడ్పు కూడా వచ్చింది.

ఇంట్లో నేనూ నాన్నా ఇద్దరమే. అమ్మ ఎప్పుడో పోయింది. అన్నయ్య బొగ్గు లారీ తోలుతాడు, ఎప్పుడు ఏ రోడ్డు మీద ఉంటాడో ఆ లారీకే తెలియాలి. నాన్న ఉద్యోగమంతా ఊరికి అవతల, నది ఒడ్డున ఉన్న కరెంటు కేంద్రంలో బాయిలర్ దగ్గరే గడిచింది. అందుకే వీధి పిల్లలకు ఆయన బాయిలర్ తాత. నిప్పు ముందు నిలబడి నిలబడి ముఖం శాశ్వతంగా ఎర్రబడిపోయింది. బొగ్గుపొడి పీల్చి పీల్చి రొమ్ములో పిల్లికూతలు మిగిలాయి. అయినా ఆ కేంద్రం మాట ఎత్తితే చాలు, ఉబ్బి తబ్బిబ్బయ్యేవాడు.

"ఊళ్ళో ఏ ఇంట్లో దీపం వెలిగినా అందులో నా చేతి బొగ్గు ఒక పారెడు ఉంటుందే," అనేవాడు.

"ఆ పొడంతా నీ రొమ్ములో ఉంది నాన్నా, దీపంలో లేదు," అనేదాన్ని నేను. నాకు నోరు కాస్త ఎక్కువ. ఆయన నవ్వబోయి దగ్గేవాడు.

ఈ ఏడు ఎండలు మొదలయ్యేముందు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి సూటిగా చెప్పింది. "మీ నాన్న ఊపిరికీ గుండెకీ వేడి పడదు. మధ్యాహ్నం పూట గది చల్లగా ఉంచుకోండి. ఈ ఎండాకాలం గట్టెక్కిస్తే తరవాత సంగతి తరవాత చూద్దాం." అప్పటినుంచి నాకు లోకంలో ఇంకో పని లేదు. నాన్నను వానలదాకా తీసుకెళ్ళాలి. పాతదే అయినా ఒక ఏసీ కొని ఆయన గదిలో బిగించాను.

నేను ఏసీ కొన్న ఏడే అందరూ కొన్నారు. మా వరసలో నాలుగిళ్ళు. మూలింటి పిన్ని, ఆ పక్కన స్కూలు వ్యాను తోలే అబ్బాయీ భార్యా, ఆ తరవాత మేము, చివర లెక్కల మాస్టారు. నాలుగిళ్ళకూ వచ్చేది ఒకటే తీగ, అది ఫ్యాన్లూ లైట్లూ తప్ప ఏమీ ఎరగని కాలంలో వేసింది. నాలుగు ఏసీలు ఒక్కసారి మొదలయ్యేసరికి స్తంభం మీద నిప్పురవ్వలు రాలి తీగ మాడిపోయింది. అతికించారు. మళ్ళీ మాడింది. రెండోసారి మూడు రోజులు చీకట్లో ఉన్నాం. తడిగుడ్డలు కప్పి, అట్టముక్కతో విసిరి విసిరి, నాన్నను ఎలా నిలబెట్టుకున్నానో నాకే తెలుసు.

స్తంభం దిగిన లైన్‌మ్యాన్ మాస్టారితో, "ఒక్క ఏసీ వేసుకుంటే నడుస్తుందండి. రెండోది వేస్తే మళ్ళీ నన్ను పిలవొద్దు," అన్నాడు.

"కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వస్తుందన్నారుగా?"

"వచ్చింది. చలిమేడకి వెళ్ళింది. మీది తర్వాత విడతలో ఉంది," అని నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అలా మొదలైంది వంతుల పద్ధతి. మొదటి వారమంతా అల్లరే. మూలింటి పిన్ని గడియారం ఎప్పుడూ పావుగంట వెనక్కి నడిచేది, అదీ తన వంతు అయిపోయేటప్పుడు మాత్రమే. వ్యాను అబ్బాయి ఆవిడమీద ఒంటికాలి మీద లేచాడు. ఆవిడ ఊరుకునే రకం కాదు. తీగకంటే ముందు వీధే మాడిపోయేలా ఉందని నాన్న ఒకనాడు నలుగురినీ మా అరుగు మీద కూచోబెట్టి, జేబులోంచి ఒక ఇత్తడి బిళ్ళ తీసి పెట్టాడు.

అరచేతిలో సగం ఉంటుంది ఆ బిళ్ళ. పైన చిల్లు, చిల్లులో కొక్కెం, మధ్యలో ఆయన ఉద్యోగపు నంబరు చెక్కి ఉంటుంది. కేంద్రంలో ఏ మిషనైనా బాగుచెయ్యడానికి మనిషి లోపలికి దిగితే, దిగేముందు తన బిళ్ళ ఆ స్విచ్చికి తగిలించి వెళ్ళేవాడు. బిళ్ళ వేలాడుతున్నంతసేపూ స్విచ్చి ఎవరూ ముట్టుకోకూడదు. పై అధికారి వచ్చి అరిచినా సరే. తగిలించిన చెయ్యే తియ్యాలి. ఆ ఒక్క మాట నాన్నకు ఎముకల్లోకి ఇంకిపోయింది. దానికి కారణం ఉంది. నాన్నతో జోడీగా పనిచేసే ఒకాయన బొగ్గు పిండిచేసే మరలోకి దిగినప్పుడు, ఆయన పైకి వచ్చేశాడనుకుని ఇంకొకడు సాయం చేద్దామని బిళ్ళ తీసి స్విచ్చి వేశాడు. ఆ తరవాతి సంగతి నాన్న ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

"ఈ బిళ్ళ ఎవరి గేటుకి ఉంటే వాళ్ళదే ఏసీ," అన్నాడు నాన్న. "వంతు అయ్యాక తగిలించినవాళ్ళే తీసి, పక్కింటివాళ్ళ చేతికివ్వాలి. వాళ్ళు వాళ్ళ గేటుకి తగిలించుకుంటారు. చేతిలో పడందే స్విచ్చి ముట్టుకోవద్దు. ఇంకొకళ్ళ గేటుమీది బిళ్ళ చచ్చినా తియ్యొద్దు."

మాస్టారు కళ్ళద్దాలు సవరించుకున్నారు. "మీ దగ్గర బిళ్ళ ఉంటే మిషను ఆగాలి. మా దగ్గర బిళ్ళ ఉంటే నడవాలా? తిరగేశారేమిటి బాయిలర్‌గారూ?"

"ఎక్కడైనా దాని అర్థం ఒకటే మాస్టారూ. ఇంకొకడు చెయ్యి పెట్టకూడదని."

పొద్దున పిన్ని, పన్నెండు దాటాక వ్యానువాళ్ళు, రెండింటినుంచి నాలుగింటిదాకా మేము, ఆపైన మాస్టారు. రాత్రికి మళ్ళీ మొదటినుంచి. ఎండ మండిపోయే ఆ రెండు గంటలూ నాన్నకని అందరూ ఒప్పుకున్నారు, పిన్నితో సహా. విచిత్రమేమిటంటే ఆ పద్ధతి కుదిరింది. పిన్ని ఒకసారి బిళ్ళ మనవడి చేత పంపిస్తే నాన్న వాణ్ణి వెనక్కి పంపేశాడు. ఆవిడ చెమటలు కక్కుకుంటూ వచ్చి స్వయంగా వ్యాను అబ్బాయి భార్య చేతికిచ్చి, "నీ మొగుడికి చెప్పు, నేనూ మాట మీద నిలబడే మనిషినే అని," అంది. ఆ తరవాత వీధిలో గొడవ వినపడలేదు.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఒకరోజు అడిగేశాను. "నాలుగిళ్ళవాళ్ళం ఒక్క ఏసీ కోసం ఇత్తడిముక్క చేతులు మార్చుకుంటున్నామే, చలిమేడకి ఎవరు తగిలించారు నాన్నా బిళ్ళ? అక్కడ ఒక్క క్షణం ఆగుతుందా?"

"వాళ్ళ లైను వేరమ్మా," అన్నాడు నాన్న. ఇంతలో ఏదో గుర్తొచ్చినట్టు, "బొగ్గు మాత్రం ఒకటే," అన్నాడు.

వ్యాను అబ్బాయి భార్య పచ్చి బాలింత. ఇరవై దాటి ఉండదు. తల్లి లేదు, అత్త లేదు, ఆ పిల్లకు పిల్ల పుట్టింది. బుజ్జిదానికి వేడికి ఒళ్ళంతా చెమటకాయలు. రాత్రంతా గుక్కపట్టి ఏడ్చేది. నాన్న దానికి సూపర్‌వైజర్ అని పేరు పెట్టాడు. "నా ఉద్యోగంలో ఇంత గొంతున్న సూపర్‌వైజర్‌ని చూడలేదు," అనేవాడు. సాయంత్రాలు దాన్ని ఒళ్ళో పెట్టుకుని విసనకర్రతో విసిరేవాడు. దగ్గొస్తే ముఖం అటు తిప్పుకునేవాడు. నేను పనికి వెళ్ళేటప్పుడు బుజ్జిదాని తల్లికే చెప్పి వెళ్ళేదాన్ని, నాన్నమీద ఒక కన్నేసి ఉంచమని.

ఆ రోజు పొద్దున్నే గాలి వేడిగా ఉంది. ఫ్యాను వేస్తే పొయ్యిమీద ఊదినట్టుంది. రాత్రంతా బుజ్జిది ఏడ్చింది, వీధంతా జాగారమే. వ్యాను అబ్బాయి బండి రిపేరుకని పక్క ఊరు వెళ్ళాడు. నేను కూరా రొట్టే మూతపెట్టి, నీళ్ళ సీసాలు మంచం పక్కన సర్ది, "బిళ్ళ రాగానే ఏసీ వేసుకుని తలుపు మూసుకో. బయట తిరిగావంటే ఊరుకోను," అని గడ్డి పెట్టాను.

"అలాగే మేడమ్," అన్నాడు నాన్న. స్వెటరు తీసి నా భుజంమీద వేశాడు. "జలుబు చేస్తుంది, మర్చిపోకు."

అదే ఆయన నాతో అన్న ఆఖరి మాట. నడివేసవిలో, జలుబు చేస్తుందని.

మా పనిలో ఫోను లోపలికి తీసుకెళ్ళనివ్వరు. గేటు దగ్గర అరలో పెట్టి తాళం వెయ్యాలి. ఆ మధ్యాహ్నం చలిమేడలో పెద్ద హడావుడి జరిగింది. మూడో హాల్లో చల్లదనం ఒక్క డిగ్రీ తగ్గిందట. గంట మోగింది, గోడమీద ఎర్రదీపం వెలిగింది. ఇంజినీర్లు నలుగురు కాలుకాలిన పిల్లుల్లా పరిగెత్తారు. చక్రాల ఫ్యాన్లు తెప్పించి ఒక బీరువాలాంటి యంత్రం ముందు పెట్టి గాలి కొట్టించారు. నన్ను కూడా పిలిచి, "ఆ ఫ్యాను కదలకుండా పట్టుకో," అన్నారు. పట్టుకున్నాను. ఒక కుర్ర ఇంజినీరు దాని ఒంటిమీద చెయ్యి వేసి చూశాడు, జ్వరం చూసినట్టు. చాలాసేపటికి గంట ఆగింది. అందరూ ఊపిరి పీల్చుకుని ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకున్నారు. నా చేతివేళ్ళు కొంకర్లు పోయాయి.

అప్పటికి మా నాన్న గేటు పక్కన కుర్చీలో కూచుని ఉన్నాడు.

పని దిగి అర తెరిస్తే ఫోను నిండా మాస్టారి కాల్స్. నేను తిరిగి చెయ్యలేదు. చెయ్యకుండానే తెలిసిపోయింది. స్వెటరు విప్పడం కూడా మర్చిపోయి వీధివెంట పరిగెత్తాను.

నాన్నను మంచంమీద పడుకోబెట్టి ఉంచారు. ముఖంలో ఎప్పుడూ ఉండే ఆ ఎరుపు పోయింది. పాదాలు ముట్టుకుంటే ఇంకా వేడిగా ఉన్నాయి, చచ్చిపోయిన మనిషి పాదాల్లా లేవు. డాక్టరమ్మ వచ్చి చూసి వెళ్ళిందట, వడదెబ్బ అందట. మాస్టారు తలుపు దగ్గర నిలబడి, పాఠం మర్చిపోయిన పిల్లాడిలా చెప్పిందే చెబుతున్నారు. "నాలుగైందని నా వంతుకి బయటికొచ్చానమ్మా. కుర్చీలో కునుకు తీస్తున్నాడనుకున్నా. బాయిలర్‌గారూ అని పిలిచా. రెండుసార్లు పిలిచా."

"కుర్చీలో ఎందుకున్నాడు? ఏసీ వేసుకోలేదా? ఆ టైముకి మా వంతేగా?"

ఆయన పక్కింటి గేటు వైపు చూశారు.

బిళ్ళ అక్కడే వేలాడుతోంది. పన్నెండింటికి తగిలించింది తగిలించినట్టే ఉంది. ఒక్క ఉదుటున వెళ్ళి, దాన్ని పీకి ఆ ఇంటిమీదికి విసిరేద్దామని చెయ్యెత్తాను. ఆ పిల్లను జుట్టు పట్టుకుని బయటికీడుద్దామని కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు. కాని కొక్కెం దాకా వెళ్ళిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. తగిలించింది నేను కాదు. చచ్చిపోయి కూడా ఆ మనిషి నా మణికట్టు పట్టుకున్నాడు.

ఆ పిల్ల గడపలో కూచుని ఉంది. బుజ్జిదాన్ని రొమ్ముకు అదుముకుని, కళ్ళు వాచిపోయి. నన్ను చూడగానే లేవబోయింది.

"నిద్రపట్టేసిందక్కా," అంది. "ఎన్ని రోజులకో బుజ్జిది నిద్రపోయింది. దానితోపాటు నేనూ..."

"లేపలేదా మా నాన్న? నోరు లేదా ఆయనకి?"

"లేపారక్కా."

నేను ఆ గడపలోనే కూచుండిపోయాను.

"కిటికీ దగ్గరికొచ్చి, అమ్మాయ్ అని మెల్లగా పిలిచారు. నాకు సగం మెలకువొచ్చింది. పిల్ల చెయ్యి నా జాకెట్టు పట్టుకునుంది, నేను లేస్తే అది లేచిపోతుందని... తాతగారూ, బిళ్ళ మీరే తీసుకోండి, అన్నాను. నేను తియ్యకూడదమ్మా, నువ్వు తగిలించావు, అన్నారు. సరే లేస్తున్నా ఉండండి అన్నాను. పిల్ల కదిలింది. ఆయన చూశారు. వద్దొద్దు లేవకు, సూపర్‌వైజర్ నిద్రపోతోంది, లేచాకే ఇద్దువుగాని, నేనిక్కడే కూచుంటా, అన్నారు. కాసేపే కదా అనుకున్నానక్కా. నిజంగా కాసేపే అనుకున్నాను. కళ్ళు తెరిచేసరికి మాస్టారు అరుస్తున్నారు."

నాన్న పద్ధతి నాకు తెలుసు. కేంద్రంలో షిఫ్టు మారేటప్పుడు, ఎక్కేవాడు దిగేవాడి పక్కన వచ్చి నిలబడాలి. నీడ ఉంది కదా, కుర్చీ ఉంది కదా అని దూరంగా పోకూడదు. అప్పగింత అయ్యేదాకా ఆ చోటు విడవకూడదు. అందుకే ఇంట్లోకి వెళ్ళకుండా వాళ్ళ గేటు దగ్గరే కుర్చీ వేసుకున్నాడు. ఎదురుగా చలిమేడ ఫ్యాన్లు ఊదుతూనే ఉన్నాయి. పిల్లను లేపలేదు, బిళ్ళ తియ్యలేదు, చోటు వదల్లేదు. చెయ్యి చాపితే అందేంత దూరంలో బిళ్ళ, పది అడుగుల్లో గది, గదిలో ఏసీ. ఏ తెలివైనవాడైనా వెళ్ళి స్విచ్చి వేసుకునేవాడు. ఆ పిల్ల ఇంట్లో ఏసీ ఆ పాటికి ఆపి ఉందో లేదో కూడా ఆయన చూసుకోలేదు, తీగ మాడితే మాడనీ అనుకోలేదు. ఇలాంటి చావు మా నాన్న ఒక్కడే చావగలడు. కోపం ఎవరిమీద తెచ్చుకోను? ఆ గడపలో కూచుని నోరారా ఏడ్చాను. ఆ పిల్లా ఏడ్చింది. బుజ్జిదొక్కతే ఏడవలేదు, దానికి నిద్ర సరిపోయింది.

అన్నయ్యకు ఫోను చేస్తే బొగ్గు గనుల దగ్గర ఉన్నాడు. కేంద్రంలో కొత్తగా రెండు బాయిలర్లు కట్టాక లారీలకు తీరిక లేదు. ఎంత వేగంగా తోలినా తెల్లారేసరికి గాని రాలేనన్నాడు. "నేను వచ్చేదాకా ఉంచండి. నాన్న ముఖం చూడాలి," అని ఒకటే ఏడుపు.

ఆ వేడిలో తెల్లారేదాకా ఉంచడం ఎలా? మాస్టారు ఐసు కోసం వెళ్ళి ఉత్తచేతులతో తిరిగొచ్చారు. కరెంటు కోతలకు ఐసు ఫ్యాక్టరీ వారం నుంచి మూతపడి ఉందట. ఎవరికి ముందు తట్టిందో తెలియదు, అందరి చూపూ నాన్న గదిలోని ఏసీ మీదికి పోయింది.

చివరికి మూలింటి పిన్నే అంది. "రాత్రి మొదటి వంతు నాదేగా. నాకొద్దు. ఆయనకే వెయ్యండి."

"నాదీ వద్దు," అన్నారు మాస్టారు.

ఆ పిల్ల బుజ్జిదాన్ని పిన్ని చేతికిచ్చి, తమ గేటు దగ్గరికి నడిచింది. తన చేత్తో బిళ్ళ తీసింది. తీసుకొచ్చి నా అరచేతిలో పెట్టింది. ఇత్తడి ఇంకా చురచుర కాలుతోంది. రెండింటికి నాన్న చేతిలో పడాల్సింది, దీపాలు పెట్టే వేళకు నా చేతిలో పడింది. నేను దాన్ని మా గేటుకు తగిలించి, లోపలికి వెళ్ళి స్విచ్చి వేశాను.

ఆ ఏసీ అంతసేపు ఆగకుండా నడవడం అదే మొదటిసారి. నాన్న బతికుండగా రెండు గంటలు దాటి ఎన్నడూ నడవలేదు. గది మెల్లగా చల్లబడింది, తరవాత చలేసింది. నేను విప్పకుండా ఉంచుకున్న స్వెటరు నాన్న కాళ్ళమీద కప్పి, మళ్ళీ తీసేశాను. చల్లగా ఉంచాలని కదా ఇంత పాటూ. ఏం చెయ్యాలో తెలియని చేతులు ఏదో ఒకటి చేస్తాయి.

బయట వీధంతా వేడికి ఉడికిపోతోంది. పిన్ని మనవళ్ళు రోడ్డుమీద చాపలు వేసుకుని పడుకున్నారు. మాస్టారు తడితువ్వాలు నెత్తిన వేసుకుని అరుగుమీద కూచున్నారు. ఎవరూ సణగలేదు. అలా సణగకపోవడం వినడం నాకు కష్టంగా ఉంది. ఇంతలో పక్కింట్లో బుజ్జిది ఏడుపు అందుకుంది. మొదట కుంయ్ కుంయ్‌మని, ఆ పైన గుక్కపట్టి. చెమటకాయల మంట దానిది. ఆ పిల్ల జోకొడుతూ ఇంట్లో అటూ ఇటూ తిరగడం గోడకివతల వినిపిస్తోంది. నేను నాన్న ముఖం చూస్తూ కూచున్నాను. ఆ ఏడుపు మొదలవకూడదనే గదా ఈ మనిషి కుర్చీలో కూచున్నది.

ఇక కూచోలేకపోయాను. లేచి వెళ్ళి పక్కింటి తలుపు తట్టాను.

"పిల్లనెత్తుకుని మా ఇంటికి రా."

ఆ పిల్ల బిత్తరపోయింది. "అక్కా, అక్కడ తాతగారు..."

"ఆయనేం అంటాడు? సూపర్‌వైజర్ వచ్చిందంటాడు. రా."

భయపడుతూనే వచ్చింది. నాన్న మంచానికి దూరంగా, గోడవారన దుప్పటి పరిచాను. చల్లగాలి తగలగానే బుజ్జిది వెక్కుతూ వెక్కుతూ ఆగింది. కాసేపు ఏసీ వెలుగుచుక్క వైపు గుడ్లప్పగించి చూసింది. అలాగే నిద్రపోయింది. ఆ పిల్ల గోడకు ఆనుకుని కూచుంది, కన్ను మూయలేదు. ఈసారి మూయదని నాకు తెలుసు. ఇకమీదట ఏ మధ్యాహ్నమూ ఆ పిల్ల హాయిగా నిద్రపోదు. అందుకు కూడా నాకు ఏడుపొచ్చింది. ఎవరం ఏ తప్పు చేశామని ఇంత శిక్ష?

తెల్లారుతుండగా లారీ చప్పుడైంది. అన్నయ్య లోపలికి వచ్చాడు, చేతులకూ ముఖానికీ బొగ్గు, కన్నీళ్ళు జారినచోట మాత్రం చారలు. నాన్న చెంపమీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు. "ఇంత చల్లగా ఉన్నాడేమే?" అన్నాడు.

జరిగిందంతా మాస్టారు చెప్పారు. విని వాడు గేటు దగ్గరికి వెళ్ళి బిళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు. "దీన్ని నాన్నతోపాటే పంపించేద్దాం. పాడు బిళ్ళ," అన్నాడు.

"వద్దన్నయ్యా. ఎండలు ఇంకా సగం కూడా అవలేదు."

తీసుకెళ్ళే వేళైంది. నేను లోపలికి వెళ్ళి ఏసీ ఆపాను. ఆ హోరు ఆగగానే బుజ్జిది ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంది. బయటికి వచ్చి గేటుమీది బిళ్ళ తీశాను. రాత్రి తగిలించింది నేనే, ఇప్పుడు తీసిందీ నేనే. పొద్దుటి వంతు పిన్నిది, ఆవిడ గేటు పక్కనే నిలబడి ఉంది. ఆవిడ చేతికే ఇచ్చాను. ఇస్తూ, అందరూ వినేలా చెప్పాను.

"పిన్నీ, రెండింటినుంచి నాలుగింటిదాకా మా వంతు ఇక బుజ్జిదానిది. పన్నెండింటికి ఆ పిల్ల చేతిలో పెట్టు, నాలుగింటిదాకా అక్కడే ఉంటుంది."

"వద్దక్కా. నేను తీసుకోలేను," అంది వెనకనుంచి ఆ పిల్ల. "ఆ టైము నాకొద్దు. చచ్చినా వెయ్యను ఏసీ."

"నీకివ్వట్లేదు. ఆయన నిన్ననే దానికిచ్చేశాడు. నేను అప్పగిస్తున్నానంతే." నా గొంతు నాకే నాన్న గొంతులా వినిపించింది. "ఇంకో మాట. ఇకనుంచి పడుకున్నవాళ్ళను లేపాలి. పసిపిల్లయినా సరే, ఏడ్చినా సరే, లేపి మరీ బిళ్ళ తీసుకోవాలి. వినపడిందా అందరికీ?"

వీధి చివర ఫ్యాన్లు ఊదుతూనే ఉన్నాయి. పిన్ని బిళ్ళను కొంగుతో తుడిచి తన గేటుకు తగిలించబోయి, చెయ్యి రాక, తలవంచుకుని పట్టుకునే నిలబడింది. మేము నాన్నను ఎత్తుకున్నాం. ఆయనను అన్నయ్య లారీలోనే తీసుకెళ్ళాం, బొగ్గు దించేశాక ఊడ్చిన లారీలో. ఎంత ఊడ్చినా మూలల్లో పొడి మిగిలే ఉంది.